అమ్మ నిద్రపోయిన కారు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. మెడకు టై కడితే మనిషి మారిపోతాడన్నది మొదటిది. సెల్‌ఫోన్‌లో నాలుగు రాత్రులు చదివితే ఏ వస్తువైనా మోసపోకుండా కొనవచ్చన్నది రెండోది. రెండూ తప్పేనని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. కాకపోతే తేలేటప్పుడు నేను ఒక్కణ్ణే దెబ్బ తినలేదు, మా అమ్మకి కూడా తగిలించాను. అందుకే ఈ కథ చెప్పేటప్పుడు నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

మాది భావనపాడు. అమ్మ తెల్లారకుండానే ఒడ్డుకెళ్లి వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి మార్కెట్లో అమ్ముకొచ్చేది. ఆ తట్ట మోతే నన్ను డిగ్రీ దాకా చదివించింది, ఆమె నడుముని పాడుచేసింది. నెలకోసారి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లి నడుము చూపించుకునేది. పోనూ రానూ బస్సే. తట్ట లేకుండా, ఉతికిన కోక కట్టుకుని ఎక్కినా పక్క సీటులో ఉన్నవాళ్లు మెల్లగా ముక్కు మీద రుమాలు వేసుకునేవారు. కొందరు లేచి వేరే చోటికి పోయేవారు. ఒకసారి కండక్టరు 'నువ్వు వెనక్కెళ్లమ్మా' అన్నాడట. ఆవిడ వెనక సీటులో ఎగిరెగిరి పడుతూ నాలుగు గంటలు వెళ్లింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు కూడా ఎవరినీ తిట్టలేదు. నడుముకి కాపడం పెట్టమని మాత్రం అడిగింది.

నాకు ఒక టైల్స్ కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చింది. ఏడాది పాటు పనితీరు చూసి, ఆపైన పర్మినెంటు చేస్తారు. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే పొడవునా ఉన్న దుకాణాలన్నీ నా కిందే. సొంత కారుంటే పెట్రోలు ఖర్చు కంపెనీదే. నెలకి రెండుసార్లు విజయనగరంలో మా మేనేజరు సారుని ఎక్కించుకుని ఆ చివరిదాకా తిప్పాలి. అందుకని సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకున్నాను. "మొదటి ప్రయాణం నీదేనమ్మా. నిన్ను ఆసుపత్రికి పడుకోబెట్టి తీసుకెళ్తాను" అని అమ్మకి మాట కూడా ఇచ్చేశాను. (మాట ఇవ్వడానికి పెట్రోలు అక్కర్లేదు కదా.)

సౌకర్యమైన కారుని ఎలా ఎంచుకోవాలో ఫోన్‌లో చదివి ఒక నోటుబుక్కు నింపాను. సీటు నడుముకి ఆనాలి, తొడల కింద ఖాళీ ఉండకూడదు, వందలో పోతున్నా లోపల మాట వినబడాలి, ఏసీ వెనక సీటుదాకా రావాలి. మా మేనమామ ఆ పుస్తకం తిరగేసి నాకే ఇచ్చేశాడు. ఆయన చేపల లారీ కేబిన్‌లో హౌరా దాకా ఎన్నోసార్లు వెళ్లినవాడు. దూరప్రయాణాల సుఖం గురించి ఈ భూమ్మీద తనకంటే తెలిసినవాడు లేడని ఆయన అభిప్రాయం.

"ఒరే అల్లుడూ, ఇంజినంటే మేస్త్రి సూస్తాడు. టైర్లంటే గుడ్డోడైనా తడిమి సెప్పీగలడు. సీటు ఎవడు సూస్తాడ్రా? అది నడుం సెప్పాల. మీ అమ్మని తే. మా అప్ప నడుం ఒప్పుకున్న బండి హౌరా ఎల్లి రావచ్చు" అన్నాడు.

ఆ సిద్ధాంతం నాకూ నచ్చింది. అలా ఒక మధ్యాహ్నం, టెక్కలి మార్కెట్లో సరుకు అయిపోగానే అమ్మని అక్కడినుంచి అటే బస్సెక్కించి, శ్రీకాకుళం పొలిమేరలో హైవే పక్కనున్న పాతకార్ల షెడ్డుకి వెళ్లాం. "నానెందుకురా, నాకేటి తెలస్తాది" అంటూనే అమ్మ ప్రతి కారులోనూ వెనక సీటులో కూర్చుంది. మొదటి దాంట్లో మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. రెండోదాని సీటు మధ్యలో గుంటపడి ఉంది. మూడోది తెల్ల కారు, షెడ్డులో బాగా వెనకాల ఒంటరిగా నిలబడి ఉంది. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. లోపల మూడు సెంటు బిళ్లలు వేలాడుతున్నాయి, డాష్‌బోర్డు మీద అగరొత్తులు వెలుగుతున్నాయి. బ్రోకరు భక్తిపరుడు కాబోలు అనుకున్నాను.

మేం ముగ్గురం ఎక్కి, ఏసీ చూడాలని అద్దాలు పైకెత్తేశాం. సీటు నిజంగానే మెత్తగా, నడుముని పట్టుకున్నట్టుగా ఉంది. ఏసీ చల్లగా తగులుతోంది. పావుగంట కూర్చున్నాం. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ తల ఒక పక్కకి వాల్చి నిద్రపోతోంది. మంచం మీద కూడా నడుము నొప్పితో అటూ ఇటూ దొర్లే మనిషి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. మామయ్య నా తొడ మీద ఒక్కటి చరిచి, "ఇంకేటి సూస్తావురా" అన్నాడు.

బయట బ్రోకరు అద్దంలోంచి మావైపు విచిత్రంగా చూస్తున్నాడు. దిగగానే, "లోపల ఏమీ... ఇబ్బందేం లేదు గదండీ?" అని మెల్లగా అడిగాడు.

"ఇబ్బందేటి, మా ఇంట్లో కూకున్నట్టే ఉన్నాది" అన్నాడు మామయ్య.

నేనూ తలూపాను. నాకూ అచ్చం అలాగే అనిపించింది. బ్రోకరు గోడ మీద ఉన్న దేవుడి పటం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. బేరం కూడా ఆడకుండా మేం అడిగిన ధరకే ఇచ్చేశాడు. మనం చదివి వచ్చామని గ్రహించి భయపడ్డాడని నేను మామయ్యకి వివరించాను.

మొదటి ప్రయాణం అమ్మది కాలేదు. సారు టూర్ రెండు రోజులు ముందుకు జరిగి, ఆసుపత్రి రోజుకంటే ముందే వచ్చిపడింది. "పని సూసుకో నాయినా, నానెక్కడికి పోతాను" అంది అమ్మ. నేను టై కట్టుకుని, కాగితాలయ్యాక నేనొక్కణ్ణే షెడ్డు నుంచి తెచ్చి, కడిగి తుడిచిన కారుతో పొద్దున్నే విజయనగరం వెళ్లాను. సారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి వెనక సీటులో కూర్చున్నాడు. నాతవలస దగ్గర హైవే ఎక్కకముందే అద్దం దించాడు. ఏసీ వేశాను సార్ అన్నాను. తెలుసు అన్నాడు. పైడిభీమవరం దాటాక రెండో అద్దం కూడా దించాడు. రణస్థలంలో కారు ఆపించి, దిగి, డిక్కీ తెరిపించి చూశాడు. అందులో నా టైల్స్ శాంపిళ్లు తప్ప ఏమీ లేవు.

"నీకు ఏమీ వాసన రావట్లేదా?" అన్నాడు.

నేను గట్టిగా పీల్చి చూశాను. "లేదు సార్" అన్నాను. అబద్ధం కాదు.

"మీదే ఊరన్నావు?"

"భావనపాడు సార్."

"ఆఁ" అన్నాడు.

నా జన్మలో ఎన్నో తిట్లు తిన్నాను. ఏదీ ఆ 'ఆఁ' అంత లోతుగా దిగలేదు. అంతటితో ఆయనకి లెక్క తేలిపోయింది, ఇక అడగాల్సిందేమీ లేదు. "తప్పు నీది కాదులే. మీవాళ్లకి తెలియదు, అలవాటైపోతుంది" అని ఓదార్చాడు కూడా. నరసన్నపేటలో మా డీలరు కారులోకి మారిపోయాడు. నేను ఖాళీ కారుతో ఆయన వెనకాలే ఇచ్ఛాపురం దాకా వెళ్లాను. దుకాణాల దగ్గర ఆయన నాకంటే ముందే దిగి ఏదో చెప్పి నవ్వేవాడు. వాళ్లు నా కారు వైపు చూసేవారు. సాయంత్రం వెళ్లిపోతూ, "బండి సంగతి చూసుకో, లేకపోతే ఈ ఉద్యోగం నీకు కష్టం" అన్నాడు.

నేను నేరుగా ఇంటికి వెళ్లాను. మర్నాడు ఆసుపత్రికి వెళ్లే రోజు. అమ్మ తలంటుకుని, కొత్త కోక మడత విప్పి దండెం మీద ఆరేసి పెట్టుకుంది. మామయ్య అరుగు మీద కూర్చుని రేపటి ప్రయాణంలో ఎక్కడ టీ తాగాలో చెబుతున్నాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"షెడ్డుకి మార్కెట్ నుంచి సరాసరి ఎందుకొచ్చావమ్మా? ఆ కోకతో అందులో పడుకున్నావు. నీ వాసన సీటుకి పట్టేసింది. సారు కారు దిగిపోయాడు. నలుగురిలో నా పరువు తీశావు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ తర్వాతవి రాయను, నాకు గుర్తున్నాయి చాలు.

మామయ్య లేచి, "ఒరే, నోరు ముయ్యి" అన్నాడు. అమ్మ ఆయన్ని చేత్తో ఆపింది.

"ఔనేమోరా" అంది నెమ్మదిగా. "ఆ రోజు నీళ్లు పోసుకుని రావలసింది."

దండెం మీది కోక తీసి, మళ్లీ అదే మడత మీద మడిచి పెట్టెలో పెట్టింది. పొద్దున్నే పాత కోకతో బస్సెక్కి వెళ్లిపోయింది. నేను లేచే ఉన్నాను. ఆపలేదు.

ఆ వారమే శ్రీకాకుళంలో సీట్లు కుట్టే మేస్త్రి దగ్గర కారు వదిలాను. ఆయన వెనక సీటు ఊడదీసి, కింద పరిచిన తివాచీ ఎత్తి, నన్ను రమ్మని సైగ చేశాడు. అడుగున నల్లగా అట్టకట్టిన మరక. మూలల్లో ఎండిన రొయ్యలు, మీసాలతో సహా.

"బాబూ, దీన్ల రొయ్యల పెట్టెలు మోసినారు. ఐసు కరిగి నీళ్లన్నీ ఈ స్పాంజీలోకి దిగిపోనాయి. ఈ కంపు తోటి ఎలగ కొన్నావు? నీకు ముక్కు లేదేటి?" అన్నాడు.

ముక్కుంది. పుట్టినప్పటినుంచీ అదే గాలి పీల్చిన ముక్కు. నెలల తరబడి ఎవడూ కొనని కారుని, ఒక్క మా ఊరివాళ్లం తప్ప ఇంకెవరూ పావుగంట కూర్చోలేని కారుని, ఇంట్లో ఉన్నట్టుందని మెచ్చుకుని మరీ తెచ్చుకున్నాం. మేస్త్రి స్పాంజీలన్నీ పారేసి కొత్త సీట్లు బిగించాడు. అవి కొంచెం గట్టిగా వచ్చాయి. వాసన మాత్రం పోయింది. సారు తర్వాతి టూర్లో అద్దాలు ఎత్తుకుని కూర్చుని, "ఇప్పుడు బండి బండిలా ఉంది" అన్నాడు. ఏడాది తిరిగేసరికి నా ఉద్యోగం పర్మినెంటయింది. ఆపైన ప్రతి టూర్‌కీ మా ఊరినుంచి ఐసు పెట్టెలో చందువా, వంజరం చేపలు తెమ్మనేవాడు. "బాగా కట్టించవయ్యా, వాసన రాకూడదు" అనేవాడు. నా డిక్కీలో అవి విజయనగరం దాకా వెళ్లేవి. నేను బాగానే కట్టించేవాణ్ణి.

అమ్మకి మాత్రం ఆ రొయ్యల సంగతి చెప్పలేదు. చెబితే నేను అన్న మాటలు వెనక్కి తీసుకోవాలి. అవి తీసుకోవాలంటే ముందు మళ్లీ గుర్తుచేయాలి. ప్రతి నెలా, "ఈసారి కారులో వెళ్దాం రామ్మా" అని మాత్రం అనేవాణ్ణి. "ఎందుకులే నాయినా, బస్సు నాకు అలవాటే. నీ బండి సుబ్బరంగున్నాది, అలగే ఉండనీ" అనేది. ఆమె వద్దన్న ప్రతిసారీ నాకు బాధ కలిగేదని రాస్తే బాగుంటుంది. నిజానికి లోపల కాస్త ఊరటగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండేళ్ల తర్వాత కంపెనీయే కారిచ్చింది. నా తెల్ల కారు కొనడానికి పాతపట్నం నుంచి ఒకాయన మా ఇంటికే వచ్చాడు. లోపలికి తల పెట్టి చూసి, "ఏ వాసనా లేదు, బాగా ఉంచారండీ" అన్నాడు. అమ్మ వాకిట్లో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. ఆ మాట ఆమెకి వినబడింది. ఇక నేను ఆగలేకపోయాను. దగ్గరికెళ్లి కూర్చుని, "అమ్మా, అప్పటి వాసన నీది కాదమ్మా. అంతకుముందు అందులో రొయ్యలు మోశారట" అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "రొయ్య వాసన నాకు తెల్దేటిరా? ఆ షెడ్డులో తలుపు తీసినప్పుడే తెలిసింది" అంది.

"మరి నాకు తెల్లేదేటప్పా?" అన్నాడు పక్కనే ఉన్న మామయ్య.

"నీకు బీడీ వాసన తప్ప ఏటి తెలస్తాది?" అంది. మామయ్య నవ్వాడు.

"తెలిస్తే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మనోలెవరిదో బండి అనుకున్నాను. ఇందులోంచి నన్ను ఎవులూ లెగమనరులే అని నిద్దరోయినాను."

"అది కాదు. నేను తిట్టిన రోజు ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు తలెత్తి నావైపు చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ రోజు నువ్వు వాసన ఎక్కడిదని అడగలేదు గదరా. నాదేనని ఒచ్చినావు. కాదని ఎలగ సెప్పను? బండిలోది నాది కాకపోనా, నా కోకలోది నాదే గదా."

కొనుక్కున్నాయన తాళాలడిగాడు. ఇచ్చాను. కారు సందు తిరిగి వెళ్లిపోయింది.

ఇప్పుడు అమ్మ నా కారు ఎక్కుతుంది, అడిగితే కాదనదు. కొంగు దగ్గరికి లాక్కుని, సీటు అంచున కూర్చుని, వీపు ఆనించకుండా విశాఖపట్నం దాకా వస్తుంది. ఆనుకోమ్మా అంటే, "పర్లేదురా, బాగానే ఉన్నాది" అంటుంది. ఆ పాతికేళ్ల కుర్రాడు తలపుకొస్తే నవ్వొస్తుంది. దూరప్రయాణానికి ఏం కావాలో అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు పాపం. వాడి కారులో సారు ఇచ్ఛాపురం దాకా గురకపెట్టి నిద్రపోయాడు. చందువాలు, వంజరాలు ఐసు మీద చల్లగా విజయనగరం వెళ్లాయి. వాళ్లమ్మ ఒక్కసారే ఎక్కింది. అప్పుడది షెడ్డులో నిలబడి ఉంది.