కనకవల్లక్క చెప్పిన ఉదాహరణలు

కనకవల్లక్క గొంతు పోతోందని నాకు సెప్టెంబరులోనే తెలుసు. ఈ గల్ఫ్ దేశంలో, అబ్బాసియాలో మా బడి. ఏడో తరగతి గదిలో నలభై ఆరుగురు పిల్లలు, వాళ్ళతో పోటీపడే ఏసీ చప్పుడు. ఆ రెంటి మీదుగా రోజుకు ఆరు పీరియడ్లు ఇంగ్లీషు చెబుతుంది. పక్క గదిలో లెక్కలు చెప్పేది నేను. మొదట ఆమె గొంతు బొంగురుపోయింది, తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. పంతులమ్మకు గొంతు పోతే ఇంకేం మిగులుతుంది? ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఆమె ఇఖామా కూడా ఆ ఉద్యోగం మీదే ఉంది. డాక్టరు దగ్గరకు వెళితే మాట్లాడొద్దంటాడన్న భయంతో అసలు వెళ్ళడమే మానేసింది.

విజయవాడ మనిషి. పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంది. బడి అయ్యాక సోమ, బుధవారాలు జాబ్రియాలో ఒక ట్యూషన్. ఆమెకు కారు లేదు, నాకుంది. దింపేసి మళ్ళీ రావడం కంటే అక్కడే సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకోవడం నయమని నేనూ లోపలికి వెళ్ళేదాన్ని.

శిష్యురాలి పేరు గాల్యా. కిర్గిజ్‌స్తాన్ నుంచి వచ్చింది, ఇంట్లో మాట్లాడేది రష్యన్. దగ్గరలో ఒక క్లినిక్‌లో నడుం నొప్పుల వాళ్ళకు వ్యాయామం చేయిస్తుంది. చెయ్యి మంచిదే, నోరే గడుసు. రోగులకు ఏది చెప్పినా "మస్ట్" తోనే చెబుతుంది. మొదటి రోజు మా ముందు కేకు పెట్టి, "యూ మస్ట్ ఈట్!" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను భయపడి రెండు ముక్కలు తిన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. పోలీసులా మాట్లాడుతోందని ఇద్దరు ఆడవాళ్ళు క్లినిక్‌లో ఫిర్యాదు చేశారట. ఆ పుణ్యమే ఈ ట్యూషన్.

అక్క మాత్రం ఆమెను ఒక్కనాడూ విసుక్కోలేదు.

"తప్పు ఆమెది కాదు దుర్గా. మనకు మాత్రం? తినాలి, వెళ్ళాలి, పడుకోవాలి. సలహా ఇచ్చినా, ఆజ్ఞ వేసినా ఆ 'ఆలి' ఒక్కటే. వాళ్ళ రష్యన్‌లోనూ చాలాచోట్ల 'నాద' అన్న ఒక్క మాటే సరిపోతుందట. తేడా అంతా గొంతులో చూపిస్తాం" అంది ఒకరోజు కార్లో. ఆ నాలుగు ముక్కలు అనేలోపు ఆమె గొంతు రెండుసార్లు తెగింది.

పాఠం చెప్పడంలో ఆమెకొక అలవాటు ఉంది. ఉదాహరణలు పుస్తకంలోంచి తీసుకోదు, ఆ పూట తలలో ఏది తిరుగుతుంటే అదే చెప్పేస్తుంది. "షుడ్ అంటే సలహా. ఐ షుడ్ సీ ఎ డాక్టర్. హావ్ టు అంటే మన చేతిలో లేనిది. ఐ హావ్ టు టీచ్ సిక్స్ పీరియడ్స్." ఇలాగే సాగేది. పాపం, కొత్త వాక్యం కట్టే ఓపిక కూడా ఆ సమయానికి మిగిలేది కాదు. గాల్యా ప్రతిదీ తారీఖు వేసి మరీ రాసుకునేది. నేను తలెత్తకుండా పేపర్లు దిద్దుకునేదాన్ని.

నేనసలేమీ అనలేదని కాదు. "అక్కా, ఓసారి గొంతు చూపించుకుంటే బాగుంటుందేమోనండి" అని చాలాసార్లే అన్నాను. "చూద్దాంలే, పరీక్షలు కానీ" అనేది. నా బాధ్యత తీరిపోయినట్టు నేను రేడియో పెట్టుకునేదాన్ని. వయసులో పెద్దామెకు గట్టిగా చెప్పడం మా కోనసీమలో మర్యాద కాదు. ఆ మర్యాద మండిపోను!

ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం. పాత పాఠం మళ్ళీ చెప్పబోయి, రెండో వాక్యం దగ్గర అక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించింది. అయినా రాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గాల్యా తన నోటుపుస్తకం మొదటికి తిప్పింది. అక్క చెప్పిన షుడ్ వాక్యాలను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. అక్టోబరు ఆరు, నేను డాక్టరుకు చూపించుకుంటే మంచిది. అక్టోబరు ఇరవై, నేను చెల్లెలికి ఫోను చేస్తే మంచిది. నవంబరు మూడు, నేను డాక్టరుకు చూపించుకుంటే మంచిది. డిసెంబరు పది, మళ్ళీ డాక్టరే. డాక్టరు మాట మొత్తం పదకొండుసార్లు ఉంది. హావ్ టు, అంటే తప్పదు అని రాసుకున్నవన్నీ బడివి, ఇంటివి. అక్క పాఠం చెప్పాననుకుంది. ఈమె నాలుగు నెలలుగా అక్క బతుకును చదువుకుంటూ ఉంది.

"టీచర్ని అడగడం బాగోదనుకున్నాను. ఇక చాలు" అంది గాల్యా తన వచ్చీరాని ఇంగ్లీషులో. బల్ల మీద ఒక చీటీ పెట్టింది. వాళ్ళ క్లినిక్‌లోనే గొంతు డాక్టరు, ఆ సాయంత్రం ఏడింటికి. పొద్దున్నే పేరు రాయించి ఉంచిందట.

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఫ్రెండ్. రోజూ వింటున్నావు. ఎందుకు తీసుకెళ్ళలేదు?"

నాకు సిగ్గేసింది. పేపర్లు సంచిలో కుక్కి, కారు తాళాలు తీశాను.

డాక్టరు చూశాడు. స్వరతంతువుల మీద కాయలు కట్టాయన్నాడు. నెల రోజులు ఒక్క మాట వద్దు, గుసగుస కూడా వద్దు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్. అక్టోబరులోనే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు.

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర అక్క ఫోనులో టైపు చేసి నాకు చూపించింది. "రేపు సెవెంత్ వాళ్ళకు యూనిట్ టెస్టు. వెళ్ళాలి."

"రేపు మీరు రావడం లేదండి" అన్నాను. "బాగుంటుందేమో లేదు, చూద్దాం లేదు. రారు, అంతే. మీ పీరియడ్లు మేం పంచుకుంటాం. ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను."

ఆమెతో నేనలా మాట్లాడడం అదే మొదటిసారి. కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె ఇంకేదో టైపు చెయ్యబోయి ఆగింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని సీటుకు తల ఆనించింది. రింగురోడ్డు ఎక్కేలోపు నిద్రపోయింది.

వాళ్ళ ఇంటి ముందు బండి ఆపాక కూడా నేను ఆమెను చాలాసేపు లేపలేదు.