బాపు చదివిన పేజీ

నేను ఇల్లు విడిచి పారిపోబోతున్నానని మా బాపు నాలుగు రోజులపాటు నమ్మాడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నాలుగు రోజులు ఆయన ఎట్లా గడిపాడో అనుకుంటే నవ్వు సగంలోనే ఆగిపోతుంది. కారణం నా నోటుబుక్కు.

అప్పుడు నేను చంద్రపూర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం. చదవాల్సిన పుస్తకాలు తప్ప మిగతావన్నీ చదివేదాన్ని. తుకుం అనే పేటలో ఒక వాచనాలయం, అంటే చదువుకునే గది, ఉండేది. పోటీ పరీక్షల వాళ్ళ కోసం పెట్టింది. అందరూ తలలు వంచుకుని లెక్కలు చేసుకుంటుంటే, మూలనున్న అల్మారాలో ఎవరో ఇచ్చిపోయిన ఇంగ్లీషు నవలలు దుమ్ము పట్టి పడుండేవి. అన్నీ నా ఈడు పిల్లల గురించి రాసినవే. బడి, స్నేహం, మొదటి ప్రేమ, ఇంట్లో గొడవ, ఇల్లు వదిలిపోవడం. ఆ అల్మారా తాళం అడిగేది నేనొక్కదాన్నే. కొన్నాళ్ళకు తాళం నా దగ్గరే ఉంచుకోమన్నారు.

చదివి ఊరుకుంటే నేనెందుకవుతాను? ఫోన్‌లో ఒక పేజీ తెరిచి సమీక్షలు రాసేదాన్ని. నక్షత్రాలు ఇవ్వడంలో నేను పరమ పిసినారిని. రాత్రంతా ఏడిపించిన నవలకు కూడా తెల్లారాక మూడే ఇచ్చేదాన్ని. ఏడిపించడం ఏం పెద్ద విద్య, ఉల్లిగడ్డ కూడా ఏడిపిస్తుందని రాశానొకసారి. దానికి ఎవరో కోపంగా జవాబు రాస్తే వారం రోజులు సంబరంగా తిరిగాను.

నక్షత్రాలు ఎన్నివ్వాలో తేల్చుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. సమీక్ష రాసే ముందు, ఆ నవలలోని అమ్మాయిని మా ఇంట్లోకి తెచ్చుకునేదాన్ని. ఆమె మాట్లాడినట్టే ఒక పేజీ, మా ఇంటి తెలుగులో రాసేదాన్ని. ఇంగ్లీషులో ఎవరు బాధపడినా గొప్పగానే ఉంటుంది. అదే బాధ మా వంటింట్లో మేం మాట్లాడుకునే మాటల్లో నిలబడాలి కదా. నిలబడితే మంచి నవల. నిలబడకపోతే ఒక నక్షత్రం కోత.

అయితే నాకప్పటికి తెలుగు రాయడం రాదు. మా దగ్గర గనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలది ఇదే కథ. మాట వచ్చు, అక్షరం రాదు. బడంతా మరాఠీలో జరిగింది. అందుకని మరాఠీ అక్షరాలతోనే తెలుగు రాసుకునేదాన్ని. అది ఎవరికీ పనికిరాని రాత కాబట్టి ఎవరూ చదవరని ధీమా. మా బాపు కూడా మరాఠీ బడిలోనే చదివాడన్నది నాకు తట్టనే లేదు. ఆయన పేపరు తప్ప ఏదీ చదవగా చూడలేదు మరి.

ఆ వారం చదివిన నవల ఒక చలిదేశపు చిన్న ఊరిది. అమ్మాయి తండ్రి ఇంట్లో ఉండీ లేనట్టే ఉంటాడు. ఒక ఆదివారం తల్లి చర్చికి వెళ్ళగానే ఆమె బస్సెక్కి వెళ్ళిపోతుంది. నేను చర్చిని బజారు చేశాను, బస్సును బల్లార్షా రైలు చేశాను. పేజీ ఇట్లా తయారైంది:

"మా బాపు ఇంట్ల ఉన్నా లేనట్టే. నేను ఏం సదువుతున్ననో అడగడు, ఏం తిన్ననో అడగడు. నేను లేకపోతె ఆయనకు తెల్వనే తెల్వది. ఈ ఐతారం అమ్మ బజారుకు పోంగనే సంచి వట్టుకొని బల్లార్షాల రైలెక్కుత. నన్ను దేవులాడకుండ్రి."

చదువుకుని, వెతకొద్దన్న ఆఖరి మాటతో సహా బాగా కుదిరిందని మురిసిపోయాను. నాలుగు నక్షత్రాలు ఇద్దామనుకున్నాను. నా లెక్కలో అది పండగే.

ఇది మంగళవారం రాత్రి. బాపుకు ఆ వారం గనిలో నైట్ డ్యూటీ. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని, సాయంత్రం దాకా పడుకుంటాడు. బుధవారం పొద్దున నేను కాలేజీకి పోయాక, ఏదో కాగితం కోసం ఆయన ఆధార్ జిరాక్స్ కావలసి వచ్చింది. మా ఇంట్లో జిరాక్సులన్నీ నా నోటుబుక్కుల్లోనే ఉంటాయి. అట్లా ఆ పేజీ ఆయన చేతికి చిక్కింది.

గురువారం పొద్దున నేను జడ వేసుకుంటుంటే బాపు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "పరీక్షలకే సదువుతున్న బాపూ, నవలలు మానేసిన" అన్నాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది. ఎందుకో నాకర్థం కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర బండి మీద కూర్చుని ఉన్నాడు, నిద్రపోవాల్సిన మనిషి. "ఇటే పని వడ్డది" అన్నాడు. నన్ను ఎక్కించుకుని ఇంటిదాకా తెచ్చాడు. ఇంటి ముందు బండి ఆపి, "ఏం తిన్నవ్?" అన్నాడు. శనివారం పొద్దున ఒక పొట్లం నిండా జిలేబీ తెచ్చి నా చేతుల్లోనే పెట్టాడు. మా ఇంట్లో ఏది తెచ్చినా అమ్మ చేతికే ఇస్తాడు. అమ్మ నావైపు చూసింది, నేను అమ్మవైపు చూశాను.

మాకు తోచింది ఒకటే. నెల కింద గనిలో అందరికీ ఆరోగ్య పరీక్షలు జరిగాయి. బొగ్గులో పనిచేసే మనిషి ఉన్నట్టుండి మెత్తబడ్డాడంటే ఊపిరితిత్తుల్లో ఏదో తేలిందనే కదా. అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "అడిగితే చెప్పడు, మొండిమనిషి" అంది. జిలేబీ పొట్లం మళ్ళీ కట్టేశాను. నాకు చాలా భయమేసింది.

ఆదివారం అమ్మ బజారుకు వెళ్ళింది. నేను వాచనాలయం పుస్తకాలు తిరిగివ్వాలని పెద్ద సంచిలో సర్దుకున్నాను. సంచి భుజాన వేసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి బాపు గడపలో అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"ఎటు?"

"తుకుం పోయొస్త."

"సంచెందుకు?"

"పుస్తకాలియ్యాలె."

ఆయన లేవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలవైపు చూస్తూ అన్నాడు.

"పోతే పో బిడ్డా. నేను పట్టుకొని ఆపలేను. కని నాకు తెల్వనే తెల్వదని మాత్రం అనకు. నువ్వు బడికి పోయిన మొదటి దినం నుంచి నాకు తెలుసు, నువ్వు ఇంట్ల ఎన్నింటికి ఉంటవ్, ఎన్నింటికి ఉండవ్. అడుగుడు రాలే నాకు. గంతే."

నేను రాసిన మాటలు ఆయన నోట విన్నాక నాకు వెలిగింది. ఆయన ముందే నేల మీద కూర్చున్నాను. సంచి బోర్లించాను. బట్టలు కాదు, ఐదు నవలలు పడ్డాయి.

"కాదంబరి బాపూ! అది కాదంబరి! ఆ పోరి వేరే దేశపు పోరి!"

నవలను మేం మరాఠీ వాళ్ళలాగే కాదంబరి అంటాం. ఆయన నమ్మలేదు. నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు.

"కాదంబరైతే మన మాటల ఎందుకుంటది?"

ఆయన అడిగిందీ నిజమే. మా ఇంట్లో మరాఠీ పేపరుకు, ఆఫీసులకు. ఇంగ్లీషు నా పరీక్షలకు. కాగితం మీద తెలుగంటే ఆదిలాబాద్ వైపు చుట్టాల నుంచి వచ్చే పెళ్ళిపత్రిక, లేకపోతే చావు కబురు. అవి కూడా ఇంకొకరితో చదివించుకునేవాళ్ళం. ఇంటి మాటల్లో రాసి ఉందంటే అది ఇంటి సంగతే. కల్పించి రాస్తారని ఆయనకు ఎవరు చెప్పారు? మా బాపు తన బతుకులో సొంతంగా చదివిన మొదటి తెలుగు పేజీ అదే. అందులో నేను ఆయన్ను ఇంట్లో ఉన్నా లేనట్టే అన్నాను.

నవల తీసి ఆ చోటు చూపించి, ఒక్కో వాక్యం, ఈసారి ఇంటి మాటల్లో కాకుండా, మరాఠీలో చెప్పాను. మంచు, చర్చి, బస్సు. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, పెద్దగా ఊపిరి వదిలాడు.

"మరి నీకేం కాలేదు గద బాపూ? చెకప్‌ల?" అన్నాను.

"నాకేమైతది? మంచిగున్న అని రాసిచ్చిండ్రు."

ఇక నేను ఆపుకోలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ప్రాణం తేలికపడింది. అప్పుడే అమ్మ కూరల సంచితో వచ్చింది. సంగతి విని, "తండ్రీబిడ్డలు ఇద్దరికిద్దరు సాలినోళ్ళు, నోరిచ్చిండు దేవుడు, అడగరాదా?" అని ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ తిట్లు ఆ రోజు ఎంత హాయిగా ఉన్నాయో.

బాపు మాత్రం నవలలు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు.

"గా పోరి వాళ్ళ బాపు, ఆఖరికి దేవులాడుకుంట పోతడా?"

"పోడు." ఆయన ఇంకో నవల ఎత్తి చూపించాడు.

"ఇండ్ల?"

"ఇండ్ల మొదటి పేజీలనే సచ్చిపోతడు."

"ఇండ్ల?"

"తాగుతడు."

"మంచోడు ఒక్కడు లేడా?"

అన్ని నవలలు చదివి, అంత మందికి నక్షత్రాలు కోసినదాన్ని, ఒక్క పేరు చెప్పలేకపోయాను. "ఇంట్ల మంచిగున్నోళ్ళ గురించి కథ రాయరు బాపూ. కథ ముందుకు నడవది" అన్నాను.

ఆయన చేతిలోని నవల కింద పెట్టాడు. "అయితె మంచిదే" అన్నాడు. "నేను ఏ కథల లేనన్నట్టు."

అని లేచి లోపలికి పోయి పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో గురక. అన్నానికి లేపబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బుధవారం నుంచి ఆయన పగలు ఒక్క కునుకు తీయలేదట. కళ్ళు తెరుచుకుని, వీధి తలుపు వైపే చూస్తూ పడుకునేవాడట. మొదట్లో వేడి చేసిందేమో అనుకుందట అమ్మ.