బొమ్మలో జారుడుబద్ద

గ్రంథాలయం వెనకగదిలో చిరిగిన పుస్తకాలకు బైండు కట్టే ఆవిడని అందరూ బద్దమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు.

అన్నిటికంటే ఎక్కువగా చిరిగి వచ్చేవి పిల్లల పుస్తకాలు. జిగురు ఆరేలోపు వాటిని చదవడం ఆవిడకి అలవాటు. ఒకసారి ఒక అంతరిక్ష కథ చేతికొచ్చింది. దారి తప్పిన ఓడలో కెప్టెన్ జేబులోంచి స్లైడ్ రూల్ అనే లెక్కల జారుడుబద్ద తీసి, మధ్యబద్దను అటూ ఇటూ జరిపి, ఇంటిదారి చెప్పేస్తాడు. పక్కన వేసిన బొమ్మలో మాత్రం బడిపిల్లలు వాడే మామూలు స్కేలుంది. గీతలు గీసే స్కేలు ఓడని ఇంటికెలా చేర్చింది? భర్తనడిగితే, కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు, వదిలెయ్యమన్నాడు. ఆవిడ వదల్లేదు. చెప్పులో రాయిలా అది గుచ్చుకుంటూనే ఉంది.

ఒక మధ్యాహ్నం కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్లింది. అక్కడ కిటికీ రెక్క మూసుకుపోకుండా ఒక చెక్కముక్క అడ్డుపెట్టి ఉంది. రెండు బద్దల మధ్య జారే మూడో బద్ద. అంకెలు ఒక చివర దూరదూరంగా, రెండో చివర ఇరుకిరుకుగా ఉన్నాయి. కథలో కెప్టెన్ జరిపింది ఇలాంటిదేనని ఆవిడకి తట్టింది. అది తన మామగారిదనీ, వంతెనల పనిలో లెక్కలకి వాడేవారనీ దర్జీ చెప్పింది.

"దీనికి బదులు సరిగ్గా సరిపోయే చెక్క నేను తెచ్చిస్తాను. ఇది నాకిస్తావా?"

"రెక్క కొట్టుకోకుండా ఉంటే చాలక్కా."

వాడే విధానం చెప్పేవాళ్లు లేరు. రెండు మూళ్లు ఆరని తనకి తెలుసు కాబట్టి, ఆ మాట బద్ద చేత ఎలా పలికించాలా అని కూర్చుంది. అన్నం చల్లారిపోయింది. చివరికి మధ్యబద్ద మీది ఒకటిని కిందనున్న రెండుకి ఎదురుగా నిలిపి చూస్తే, మూడు కింద ఆరు కనబడింది. ఆ వారమంతా ఎదురుపడ్డ ప్రతివాడికీ గుణకారం చేసి చూపించింది.

ఇక ఎక్కడికెళ్లినా కళ్లు దానికోసమే. అచ్చాపీసులో, ఫొటో ఎంత పెంచాలో చూసుకునే గుండ్రటి అట్ట మీద అదే అంకెల వరస దొరికింది. బస్సు వరసలో ముందున్నాయన గడియారం అంచు చుట్టూ దొరికింది. ఆయన భయపడి చెయ్యి లాక్కున్నాడు. కడుపుతో ఉన్న కోడలిని ఆస్పత్రికి తీసుకెళ్తే, నర్సు చేతిలో ప్రసవం తేదీ చెప్పే చక్రం కనబడింది. ఇది వారాలే లెక్కిస్తుంది, గుణించదు అని నర్సు నవ్వింది. సొంత అన్నదమ్ములు కాకపోతే పెత్తండ్రి బిడ్డలనుకుందామంది బద్దమ్మ.

"అత్తయ్యా, మీరొచ్చింది నాకోసమా, చక్రం కోసమా?" అంది కోడలు.

పిల్లల కథల్లోనూ వెతికింది. జలాంతర్గామి కథలో ఉంది, తెప్ప కట్టిన పిల్ల కథలో ఉంది. బొమ్మల్లో మాత్రం ఎక్కడ చూసినా అదే స్కేలు. అంతరిక్ష కథని మళ్లీ అచ్చు వేస్తున్నారని తెలియగానే, బద్ద సంచిలో పెట్టుకుని ప్రచురణ కార్యాలయానికి బయల్దేరింది. బొమ్మలు అయిపోయాయి, ఇంక మార్చలేమన్నారు. మళ్లీ వెళ్లింది. మళ్లీ అదే మాట. ఇంకోసారి వెళ్లి, గుమ్మం పక్క బల్ల మీద కదలకుండా కూర్చుంటే, బొమ్మలు వేసే అమ్మాయే బయటికొచ్చింది.

"పిల్లలకి తేడా తెలీదు కదండీ," అంది.

"నాకూ తెలీలేదమ్మా. అందుకే ఇన్నేళ్లు తిరిగాను. వాళ్లెందుకు తిరగాలి?"

ఆ అమ్మాయి బద్ద చేతిలోకి తీసుకుంది. రెండు నాలుగులు ఎనిమిది తానే రాబట్టాక ఇక దాన్ని కింద పెట్టలేదు. అప్పటికప్పుడు బద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మ మళ్లీ వేసింది.

పుస్తకం వచ్చింది. బద్దమ్మ ఆత్రంగా ఆ పేజీ తీసింది. కెప్టెన్ చేతిలో అచ్చమైన జారుడుబద్ద. కానీ అచ్చులో బొమ్మ తిరగబడి, అంకెలన్నీ అద్దంలోలా కుడి నుంచి ఎడమకి నడుస్తున్నాయి. భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడా కాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అచ్చు ఎప్పుడు వేస్తారో కనుక్కురమ్మని ఆయన్నే పంపించింది.