ఆరుద్ర దాకా ఆగిన విత్తనం

మొన్న నల్గొండలో ఎండలు తగ్గకముందే వాన పడింది. మట్టి వాసన కిటికీలోంచి రాగానే మనవరాళ్లు డాబా మీదికి పరిగెత్తారు. నాకు మాత్రం దిగులు పుట్టింది. తొలివానకు సంబరపడడం మా అత్త బాలమ్మ నాకు నేర్పలేదు. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది.

నిజాం కాలం ఆఖరు రోజుల్లో, పదహారేళ్లప్పుడు, అచ్చంపేట దగ్గర ఒక ఊరికి కోడలిగా వెళ్లాను. ఇంట్లో అత్త, నా భర్త, నేను. మాకున్నది ఎర్ర చెల్క, నీళ్లు నిలవని ఇసుక నేల. కాస్త తవ్వితే మొరం రాళ్లు తగులుతాయి. పడమటి నుంచి బయలుదేరిన మబ్బులు మా దాకా వచ్చేసరికి సగం ఖాళీ అయ్యేవి. ఆ ఏడు సర్కారు బలవంతంగా వసూలు చేసే లేవీ కింద గింజలన్నీ పోయాయి. బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తి దాచిన ఒక్క కుండ విత్తన జొన్నలే మిగిలాయి. అవి పండితే ఏడాది తిండి, లేకపోతే ఊరు విడిచిపోవడమే.

రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలోనే పెద్ద వాన కురిసింది. ఊరంతా విత్తడానికి దిగింది. అత్త మా చెల్కలో జానెడు గుంత తీసి చెయ్యి పెట్టింది, నా చేతినీ లాగి పెట్టించింది.

"మీద తడి జూసి మురువకు బిడ్డా. కింద ఇంకా సెగనే ఉన్నది. రేగడైతే నీళ్లు దాసుకుంటది, మన చెల్క రెండొద్దులు గూడ దాసుకోదు. ఆరుద్ర దాకా ఆగుదాం."

ఆరుద్ర కార్తెకు ఇంకా నెల ఉంది. బావి దగ్గర ఆడవాళ్లు "మీ అత్త కుండకు పూజ జేస్తున్నదా?" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆడబిడ్డ కాన్పుకని అత్త కల్వకుర్తి వెళ్లింది. నేను నా భర్తను పోరి పోరి ఒప్పించి, కుండ మూతి పగలగొట్టి, సగం జొన్నలు విత్తించాను.

ఆమె తిరిగి వచ్చేసరికి చేను పచ్చగా మొలిచింది. నాకు గర్వంగా కూడా ఉంది. ఆమె గట్టు మీద నిలబడి చూసి, ఇంటికి నడిచింది. తర్వాత పదిహేను రోజులు చినుకు లేదు. మబ్బులు మా నెత్తిమీదుగానే పోయేవి. మొలకలు ముందు వాలాయి, తర్వాత వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యాయి. ఆమె తిడితే బాగుండుననిపించింది.

"నన్నొక్క మాట గూడ అనవేంది అత్తా?"

"అంటే మొల్కలు లేస్తయా? జర ఈ కూలి జొన్నల గట్క తాగు. రెండొద్దులాయె నువ్వు తినక."

ఆరుద్రలో వాన అందుకుంది. తెల్లారి అత్త మిగిలిన సగం కుండ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే చెయ్యి పెట్టి జూడు. నువ్వు ఎయ్యుమన్న నాడే ఏస్తం."

"నాకొద్దత్తా. మల్ల తప్పు జేస్త."

"ఒకసారి కాలినదానివి. నీకంటె జాగ్రత్తగ ఎవలు జూస్తరు?"

గుంతలో చెయ్యి పెట్టాను. అడుగున ఇంకా వెచ్చగానే ఉంది. రేపు చూద్దామన్నాను. నా భర్త గొణిగాడు. ఆమె మాత్రం ఎడ్లను విప్పెయ్యమంది. ఆ రాత్రంతా ముసురు పట్టింది. పొద్దున మట్టి చల్లగా తగిలాక విత్తమన్నాను. సగం చేనే పండింది. అడవి గడ్డలు ఉడికించుకుని తిని ఆ ఏడు గట్టెక్కాం, ఊరు మాత్రం విడవలేదు.

బతికినంత కాలం విత్తే రోజును ఆమె నన్నే చెప్పమంది. నమ్మకం పోగొట్టుకున్న మనిషి చేతిలో ఇంటిల్లిపాది తిండి పెట్టడానికి ఎంత గుండె కావాలో, నాకు కోడళ్లు వచ్చాక గానీ తెలియలేదు. ఆమె చూపిన మట్టి పదును ఇప్పటికీ నా వేళ్లకు తెలుసు. ఆ గుండె మాత్రం నాకు రాలేదు. బీరువా తాళాలు ఈనాటికీ నా కొంగుకే ఉన్నాయి.