తంగేడు కొమ్మ పాతిన చోట

మొన్న ఆదివారం పొద్దున మా అల్లుడు ఒక ప్లాస్టిక్ కప్పను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. చూడగానే రోత పుట్టింది. పాచిరంగు వీపు, పసుపు పొట్ట, ఏ దేవుడూ ఏ కప్పకూ పెట్టని గులాబీరంగు తోక, కడుపు కింద రెండు కొక్కేలు, పైగా ముట్టుకుంటే వేళ్లకు అంటుకునే ఒక రకం జిగట. నీళ్ల మీద తేలేటట్టు లాగితే కొర్రమీను ఎగిరివచ్చి పడుతుందట, ఫోనులో నొక్కితే ఇంటికే వచ్చిందట. అల్లుడిది కోస్తా, మాట మర్యాద తెలిసినవాడు, నన్ను సంతోషపెడదామనే తెచ్చాడు పాపం. అంతటితో ఆగినా బాగుండేది, కాని అది ఎలా వాడాలో చూపిస్తానని ఫోను నా కళ్ల ముందు పెట్టాడు. అందులో ఎవడో ఒకడు, కొర్రమీను పిల్లల ఎర్రటి గుంపు మీదుగా అటువంటి కప్పనే లాగాడు, కింద కాపలా ఉన్న పెద్దచేప ఎగిరి కరిచింది, వాడు దాన్ని బయటికి లాగి, మూతికి ముద్దుపెట్టి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. అది చూసి వేలమంది శభాష్ అన్నారట. ఛీ అని ఫోను పక్కకు నెట్టేశాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఎందుకంత కోపమో చెప్పినా అల్లుడికి అర్థం కాదు. మీరు నా ఈడువాళ్లు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

పట్నం శివారున మంఖాల్ వైపు వెళ్లే దారిలో ఉండే మా చెరువులో నీళ్ల మీద తేలే కప్ప మాకు కొత్త కాదు. మా బాపు జీలుగు బెండును కత్తితో చెక్కి, పొయ్యి మసి పూసి, కాళ్ల చోట కోడి ఈకలు కట్టి, పొట్ట కింద గాలం దూర్చి స్వయంగా తయారుచేసేవాడు. దానికి కళ్లు లేవు, రంగు లేదు, బజారులో పెడితే ఎవరూ ముట్టరు, కాని దసరా వెళ్లి, వానలు వెనకబట్టి, నీళ్లు తేటపడే రోజుల్లో, పొద్దు వాలుతుండగా తామరాకుల సందున దాన్ని వెదురు గడతో మెల్లగా అటొక చిటుకు ఇటొక చిటుకు ఆడిస్తే, నిజం కప్ప కూడా చూసి సిగ్గుపడాలి. ఉన్నట్టుండి ఆకులు పక్కకు జరిగి, చప్పున నీళ్లు విరిగి, బెండు మాయమయ్యేది. అప్పుడు తొందరపడి లాగకూడదు, చేప దాన్ని నోట్లో సర్దుకునేదాకా ఊపిరి బిగబట్టుకోవాలి. ఆ కాసేపు గుండె కొట్టుకున్నట్టు తన పెళ్లిలో కూడా కొట్టుకోలేదని మా అన్న నలుగురిలో అనేవాడు, వదిన మూతి తిప్పుకునేది.

కొర్రమీను పిల్లలు మొదట్లో నల్లగా ఉండవు, ఎర్రగా ఉంటాయి. గాలి కోసం అన్నీ ఒక్కసారి పైకి వచ్చినప్పుడు నీళ్ల మీద ఎవరో కుంకుమ చల్లినట్టు ఒక మచ్చ కదులుతుంది, దాని కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. వానలు ఆలస్యమైన ఏడాది ఈ మచ్చలు దసరా దాటినా కనిపించేవి. ఆ సమయంలో వాటి మీదుగా ఏది పోయినా పెద్దచేప కరుస్తుంది, కప్పనైనా, పుల్లనైనా, చివరికి మన చేతినైనా. అంటే అంత సులువుగా దొరికే చేప మరొకటి లేదు, అందుకే దాన్ని పట్టకూడదని మా దగ్గర కట్టుబాటు. ఎర్రమచ్చను ఎవరు ముందు చూస్తే వాళ్లు చెరువు అవతలి గట్టుకు కూడా వినపడేటట్టు, పిల్లలున్నయ్, అటు వెయ్యకుర్రి అని అరవాలి. ఆపైన పక్కనున్న పొదలోంచి పూలతో సహా ఒక తంగేడు కొమ్మ విరిచి, ఆ చోటుకు ఎదురుగా గట్టు మీద పాతాలి. పిల్లలు నల్లబడి, ఎవరి దారిన అవి పోయాక, పాతినవాడే వచ్చి పీకాలి. ఈలోగా ఆ పసుపుపచ్చటి పూలు కనిపించిన వైపు గాలం వేసిన మనిషిని నేను చూడలేదు.

నేను పహాడీ షరీఫ్ రోడ్డులో ఒక టైర్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన ఏడాది బాపుకు విషజ్వరం వచ్చింది. జ్వరమైతే దిగింది కాని మనిషి లేవలేదు. ఏది పెట్టినా చేదంటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. దవాఖానలో డాక్టరు కొర్రమీను పులుసు పెట్టమన్నాడు, బాపు కూడా అదొక్కటైతే తింటానన్నాడు. ఇగ నేనూ అన్నా రోజూ పని వదిలిన వెంటనే చెరువుకు పరుగెత్తేవాళ్లం. ఆ ఏడు వానలు ఎంతకీ వదలలేదు, కొత్తనీళ్లు వస్తూనే ఉన్నాయి, చేప పైకి రాలేదు. ఇంట్లో మనిషి కరిగిపోతున్నాడు, మేము ఖాళీ చేతులతో తిరిగివస్తున్నాం. చివరికి ఒక సాయంత్రం కనిపించింది, మోచేయంత చేప, దాని పైన ఎర్రమచ్చ.

గడ అన్న చేతిలో ఉంది. గట్టు మీద మేమిద్దరం తప్ప నరమానవుడు లేడు. వెయ్యి అన్నా అని నేను గొంతు తగ్గించి అన్నాను. అన్న చాలాసేపు ఆ మచ్చనే చూశాడు, తర్వాత దారం చుట్టేశాడు, వెళ్లి తంగేడు కొమ్మ విరుచుకొచ్చాడు. నాకు అన్న మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. కన్నతండ్రి కంటే చేపపిల్లలు ఎక్కువయ్యాయా అనుకుంటూ వాణ్ని వెనక వదిలేసి ఇంటికి నడిచాను.

ఇంటికి రాగానే బాపుకు జరిగింది నేనే చెప్పాను, అన్నను తిట్టించాలని. అన్ని రోజులుగా తల ఎత్తనివాడు మోచేతి మీద లేచాడు. ఏ మూలకున్నయ్, కొమ్మ లోతుగ పాతిన్రా లేదా, బర్రెలు తొక్కవు గద అని ఒకటే ప్రశ్నలు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, ఆకలికి కరిచినదాన్ని పట్టాలె బిడ్డా, పిల్లల కోసం కరిచినదాన్ని ముట్టొద్దు అన్నాడు. ఆ పూట పచ్చిపులుసు అడిగి కలుపుకొని నాలుగు ముద్దలు తిన్నాడు. నడిచే ఓపిక రావడానికి చాలా రోజులు పట్టింది, వచ్చాక మొదట నడిచింది మాత్రం చెరువుకే. పిల్లలు నల్లబడి చెదిరిపోయాయని తన కళ్లతో చూశాక, అన్నతో కొమ్మ పీకించాడు. ఇప్పుడు బాపూ లేడు, అన్నా లేడు.

ఆ ప్లాస్టిక్ కప్పను వేసి చూద్దామన్న అల్లుడి మాట కాదనలేక మొన్న ఆదివారం సాయంత్రం అదే చెరువుకు వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. కారు దిగకముందే కంపు ముక్కులోకి దూరింది. గట్టు పొడవునా కోడి వ్యర్థాల సంచులు, పగిలిన సీసాలు, పసిపిల్లలకు కట్టి పారేసిన డైపర్లు, నీళ్ల మీద సబ్బు నురగ, నురగలోంచి పైకి లేచిన ఏదో విగ్రహం చెయ్యి. మిగిలిన చోటంతా గుర్రపుడెక్క. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే అల్లుడు దాన్ని ఫోటో తీసుకున్నాడు. ఈ నీళ్లు దోసిలితో తాగినవాణ్ని నేను, చెప్పు తడుస్తుందని వెనక్కి జరిగాను. ఇందులో చేపేమిటి, ఉన్నా దాన్ని ఎవడు తింటాడు అనుకుంటూ, అల్లుడు ఒకవైపు పోతే నేను ఇంకోవైపు, తూము దగ్గరికి నడిచాను.

అక్కడ, నురగకూ గుర్రపుడెక్కకూ మధ్య చాపంత ఖాళీలో, ఎర్రమచ్చ కదిలింది.

నమ్మలేదు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాను. అదే కుంకుమ, అదే కదలిక, దాని కింద ఒక నల్లటి వీపు నెమ్మదిగా తిరిగింది. నేనేం చేస్తున్నానో నాకు తెలిసేలోపే తూము పక్కన మిగిలిన ఒకే ఒక్క తంగేడు పొదలోంచి కొమ్మ విరిచి గట్టులో పాతేశాను. అరుద్దామని నోరు కూడా తెరిచాను. సరిగ్గా అప్పుడే వెనక బండి ఆగింది. ఇద్దరు పోరగాళ్లు, చేతుల్లో గడలు, గడల చివర అవే గులాబీ తోకలు.

"తాతా, ఏడన్న ఎర్ర పిల్లలు కనబడ్డయా?" అన్నాడు ఒకడు. రెండోవాడు కొమ్మను చూశాడు. "గదేంది తాతా, కొమ్మ పాతినవ్?"

మా కట్టుబాటులో ఆ కొమ్మకు అర్థం ఇక్కడ వేయకు అని. వాళ్లకు తెలిస్తే అర్థం ఇక్కడే వెయ్యి అని. ఒళ్లంతా కంపరమెత్తింది.

"గాడ దొంగూబి ఉన్నది బిడ్డా, మొన్న బర్రె దిగబడి సచ్చింది," అన్నాను. "అటు కట్టకు పోర్రి, గాడనే ఉంటయ్ చేపలు." నమ్మారు. బండి తిప్పుకొని వెళ్లిపోయారు.

తర్వాత అల్లుడు వచ్చి, ఏమన్నా కనిపించిందా మావయ్యగారూ అని ఎంతో ఆశగా అడిగాడు. ఏమీ లేదు నాయనా, కంపు తప్ప అన్నాను. సొంత అల్లుడికి కూడా చెప్పలేకపోయాను.

నేను చెప్పు తడవకుండా చూసుకున్న నీళ్లలో ఆ చేప పిల్లల్ని కని, కాపలా కాస్తున్నది, దానికి రోత లేదు. ఒకప్పుడు ఎర్రమచ్చ కనిపిస్తే చెరువంతా వినపడేలా అరిచేవాళ్లం, అది బతకాలని. ఇప్పుడు అది బతకాలంటే నోరు మూసుకోవాలి. పాతినవాడే పీకాలన్నారు కాబట్టి, పిల్లలు ఇంకా ఎర్రగానే ఉండగా, ఆ కొమ్మను నా చేతులతోనే పీకేసి వచ్చాను.