రేపు పెరుగుతుందన్న మాట

మా తాతయ్య సగం జీవితం ఇనుప సామాన్లు అమ్మి, బరువులెత్తడం చేతకాక, అదే కొట్టులో వీడియో గేములు పెట్టాడు. సరుకు మారింది గానీ నోరు మారలేదు. మేకులు అమ్మినప్పటి మాటే కొత్త గేము కొనేవాళ్లకూ చెబుతాడు: "ఇప్పుడే తీసుకోండి, రేపు పెరుగుతుంది." గేము ధర మాత్రం కొన్ని నెలలకే సగానికి పడిపోతుంది. అప్పుడు కొత్త ధర చీటీని పాతదాని మీద అంటిస్తాడు. మొదట్లో కొన్నవాళ్లు వీధిలో కనిపిస్తే, ఏదో కింద పడిపోయినట్టు బల్ల వెనక్కి వంగిపోతాడు. "మెట్లెక్కడానికి రాని మోకాళ్లు దాక్కోడానికి భలే వంగుతాయి" అని నానమ్మ దెప్పుతుంది.

నిన్న నర్సమ్మ వచ్చింది. ఒక గేము విడుదలైన రోజే పూర్తి ధర పెట్టి కొడుక్కి కొనిచ్చిన మనిషి. తాతయ్య వంగే వ్యవధి లేక, ఆ గేము చీటీ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"చెయ్యి తియ్యండి బాబాయ్ గారూ, బయటినుంచే చదివేశాను" అని ఆమె నవ్వింది. "పోనీలెండి. ఇలా తగ్గుతుందని అప్పుడు మీకు మాత్రం ఏం తెలుసు?"

అవునమ్మా అంటే సరిపోయేది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసమ్మా" అన్నాడు. "తెలిసే అన్నాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. వచ్చిన పనికి ఒక చార్జర్ తీసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి, "వస్తానండీ" అంది. బాబాయ్ గారూ అనలేదు.