లాంచీ మరుగుదొడ్డి తాళం

సాగర్ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజుల్లో, మాచర్ల వైపు రేవుల మధ్య తిరిగే ఒక లాంచీని నేను నడిపేవాణ్ణి. ఆడవాళ్ళు పూటంతా ప్రయాణం చేస్తున్నారని యజమాని లాంచీ వెనక భాగంలో మరుగుదొడ్డి కట్టించమన్నాడు. ఎలాంటిదన్నది నా ఇష్టానికే వదిలేశాడు. బూడిద పోసిన బకెట్టయినా పెట్టుకోవచ్చు, గదిని నీళ్ళ మీదికి పొడుచుకొచ్చేలా కట్టి, అడుగు పలకలో ఏట్లోకి కంతయినా కొట్టించుకోవచ్చు. బకెట్టయితే రోజూ ఎవరో ఒకరు మోసుకెళ్ళి పారబోయాలి. ఎవరో ఒకరంటే నేనే. ఇంజను నడిపేవాణ్ణి, ఆ పని నేను చెయ్యడమేంటని నాకు పౌరుషం. కంతే కొట్టించాను.

"లాంచీ కదిలేటప్పుడే వాడనియ్యి. రేవులో ఆగితే తాళమెయ్యి, మర్చిపోబాక" అని వడ్రంగి మరీ మరీ చెప్పాడు. రేవుల్లో జనం ఏటి ఒడ్డున ఇసుకలో చెలమ తీసుకుని, అందులో ఊరిన నీళ్ళే తాగేవాళ్ళు. మొదట్లో శ్రద్ధగానే తాళం వేశాను. తర్వాత బద్ధకించాను. ఎండలకు లాంచీ మధ్యాహ్నమంతా ఒకే రేవులో ఆగేది, తాళం గొళ్ళేనికి ఊరికే వేలాడేది.

ఆ రేవులో ఒక ముసలామె ఉండేది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. నేను దిగగానే చెలమలోంచి ముంతతో నీళ్ళు ముంచి ఇచ్చేది. "ఏందిరా అట్టా నల్లబడ్డావు? తాగు, చానా చల్లగుంటయ్" అనేది. ఆమె చెలమ మా లాంచీ కట్టే గుంజకు కాస్త దిగువన ఉండేది. నేనూ అవే నీళ్ళు తాగాను. నాకేమీ కాలేదు. ఇన్నేళ్ళుగా నన్ను పీక్కుతింటున్నది అదే.

ఆ వేసవిలో ఒక ఉదయం ఆమెను నులకమంచం మీద తెచ్చి లాంచీ ఎక్కించారు. కలరా. కోడలు తోడు వచ్చింది. ఆసుపత్రి ఉన్న రేవు చేరడానికి మూడు గంటలు పడుతుంది. ఇంజనును చేతనైనంత వేగంగా తోలాను. సగం దారిలో కోడలు ఆమెను పట్టుకుని వెనక గదికి తీసుకెళ్ళింది. పెద్దమ్మ కంతలోంచి కింద పారే నీళ్ళు చూసి, తలుపు పట్టుకుని ఆగిపోయింది.

"ఇందులోకా? వద్దే. ఈ మాయరోగం ఏట్లో కలిస్తే కింద ఊళ్ళల్లో పిల్లకాయలు తాగరూ? ఒరేయ్ అబ్బాయా, బకెట్టేదన్నా ఉంటే ఇయ్యరా."

లాంచీ అడుగున చేరిన నీళ్ళు తోడే బకెట్టులో పొయ్యి బూడిద పోసి తెచ్చాను. "చల్లగా ఉండు నాయనా" అంది. ఆ తాళం సంగతి అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. చెప్పకుండానే ఇంజను దగ్గరికి వెళ్ళిపోయాను. రేవు కనబడకముందే ఆమె పోయింది.

ఆ బకెట్టు నేనే మోసుకెళ్ళి, ఒడ్డుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. కంత మూయించాను. తర్వాత లాంచీలో పని చేసినన్నాళ్ళూ బూడిద బకెట్టు మోసిందీ కడిగిందీ నేనే.

ఆ ఏడు కలరా చాలా ఊళ్ళను ఊడ్చేసింది. మా లాంచీ వల్లే ఆ రేవుకు వచ్చిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. కోడలు మాత్రం లాంచీ ఎక్కినప్పుడల్లా తోటివాళ్ళకు నన్ను చూపించి చెప్పేది: "మా అత్తను ఆ రోజు కన్నకొడుకు మాదిరి చూసుకున్నాడు ఈ అన్న."

నేను ఒక్కసారి కూడా కాదనలేదు.